కోయని పువ్వు

ఉద్దేశం

చూడటం వేరు, పరిశీలించడం వేరు. కన్ను చూసినదాన్ని చేయి గీయబోయినప్పుడే మనం ఎంత తక్కువగా చూశామో తెలుస్తుంది. అభయారణ్యాలలో వికసించే అడవి పూలను వాటి నెలవులోనే చిత్రించడం ఒక కళ, ఒక శాస్త్రం, ఒక సంయమనం. ఈ మూడింటి సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం, ప్రకృతి సంరక్షణ పట్ల బాధ్యతను కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ స్వరూపం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, ఉదాహరణలతో, సహేతుకంగా వివరించే రచనను వ్యాసం అంటారు.

పాఠం

అడవి దారిలో నడుస్తూ ఉంటాం. పొదల మాటున ఒక పువ్వు కనిపిస్తుంది. దాని పేరు మనకు తెలియదు. దానిని ఎవరూ నాటలేదు, ఎవరూ నీరు పోయలేదు. అయినా అది నిండుగా విరిసింది. ఆ క్షణంలో మన చేయి ఏం చేస్తుంది? చాలా సందర్భాలలో ముందుకు సాగి ఆ పువ్వును తుంచుతుంది. ఇంటికి చేరేలోగానే అది వాడిపోతుంది. దానిని దారిలోనే పారవేస్తాం. ఒక్క పువ్వే కదా అని సమాధానపడతాం. కాని పువ్వు మొక్కకు కేవలం అలంకారం కాదు, విత్తనానికి పూర్వరూపం. మనం తుంచినది పువ్వును మాత్రమే కాదు, దానినుంచి పుట్టవలసిన మొక్కలను కూడా.

అదే చేయి కుంచెను పట్టుకుంటే ఏమవుతుంది? పువ్వు కొమ్మమీదనే ఉంటుంది, దాని రూపం మాత్రం మనతో ఇంటికి వస్తుంది. ఎంతో సులువుగా కనిపించే ఈ మాట వెనుక అయిదు శతాబ్దాల చిత్రకళాచరిత్ర ఉంది, ఒక కఠినమైన సాధన ఉంది.

జర్మనీ దేశపు చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1503లో ఒక గడ్డిదుబ్బును నీటిరంగులతో చిత్రించాడు. రాజులు, దేవతలు, వీరులు చిత్రాలకు వస్తువులుగా ఉన్న కాలమది. ఆయన మాత్రం కాలికింద నలిగే గడ్డిపరకలను, కలుపుమొక్కలను, వాటి వేళ్లను అంటిన మట్టిని ఎంతో శ్రద్ధగా గీశాడు. వియన్నా నగరంలోని అల్బర్టినా ప్రదర్శనశాలలో ఉన్న ఆ చిత్రం, శ్రద్ధగా చూసేవారికి అల్పమైన మొక్క అంటూ ఏదీ ఉండదని నేటికీ చాటుతున్నది.

మన తెలుగునేలకు కూడా ఈ చరిత్రలో ఒక స్థానం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త అయిన విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివరి భాగంలో, నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో నివసించాడు. ఆ పరిసరాలలోని మొక్కలను పరిశీలించి, స్థానిక చిత్రకారులచేత వాటి బొమ్మలు వేయించాడు. వాటిలోనుంచి ఎంపిక చేసిన 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన బృహద్గ్రంథం లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడింది. దాని ప్రచురణ 1795లో మొదలయింది. మొక్కల శాస్త్రీయ నామాలతోపాటు ఇక్కడి ప్రజలు వాటిని పిలుచుకొనే తెలుగు పేర్లను కూడా రాక్స్‌బర్గ్ నమోదు చేశాడు. గ్రంథం మీద ఆయన పేరు నిలిచింది. ఆకు ఆకునూ, కేసరం కేసరాన్నీ లెక్కించి గీసిన ఆ చిత్రకారుల పేర్లు మాత్రం చరిత్రపుటలకు ఎక్కలేదు. వారి చూపు మాత్రం ఆ చిత్రాలలో సజీవంగా ఉంది.

ఇక పువ్వు వద్దకే వెళ్లి, అది పూసిన చోటనే చిత్రించిన వారిలో మార్గరెట్ మీ జీవితం ప్రత్యేకంగా తెలుసుకోదగినది. ఆమె 1909లో ఇంగ్లండులో జన్మించారు. చిత్రకళను అభ్యసించి, 1952లో బ్రెజిల్ దేశానికి వెళ్లి, సావో పాలో నగరంలో చిత్రలేఖనం బోధించారు. 1956లో తొలిసారిగా అమెజాన్ అరణ్యంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆమె వయస్సు దాదాపు 47 సంవత్సరాలు. చాలామంది విశ్రాంతిని గురించి ఆలోచించడం ప్రారంభించే ఆ వయస్సులో ఆమె తన అసలు జీవితాన్ని ప్రారంభించారు. అప్పటినుంచి 1988 వరకు 15 పర్యాయాలు అమెజాన్ ప్రాంతంలో యాత్రలు చేశారు.

ఆ యాత్రలు విహారయాత్రలు కావు. చిన్న పడవలలో రోజుల తరబడి ప్రయాణం, దోమలు, కుండపోత వానలు, మలేరియా జ్వరం. వీటన్నింటి నడుమ ఆమె పడవలోనో, నది ఒడ్డునో కూర్చొని తాజాగా ఉన్న పూలను గీసేవారు. ఎండబెట్టి అట్టకు అంటించిన నమూనాలో పువ్వు ఆకారం మిగులుతుందే గాని దాని రంగు, నిగనిగ, కొమ్మమీద అది నిలిచే తీరు మిగలవు. అందుకే ఆమె జీవించి ఉన్న మొక్కనే ఆధారం చేసుకొన్నారు. కొన్ని సందర్భాలలో మొక్కలను సేకరించి ఉద్యానాలకు చేర్చారు కూడా. ఆమె ద్వారా శాస్త్రలోకానికి కొత్తగా తెలిసిన మొక్కలు ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఆమె పేరే పెట్టారు.

యాత్రలు సాగుతున్నకొద్దీ ఆమెకు ఒక కఠోర సత్యం గోచరించింది. ఒకప్పుడు తాను పూలను చిత్రించిన నదీతీరాలకు మళ్లీ వెళితే, అక్కడ నరికివేసిన మానులు, కాలిన నేల కనిపించసాగాయి. నిన్నటి చిత్రం ఉంది, నేడు ఆ పువ్వున్న చోటు లేదు. ఒక చిత్రకారిణికి ఇంతకన్న దుఃఖం ఏమున్నది? అప్పటినుంచి ఆమె కుంచెతోపాటు గొంతును కూడా వినిపించారు. అడవుల విధ్వంసాన్ని బహిరంగంగా ఖండించారు. పువ్వును తెల్లకాగితం మీద ఒంటరిగా చూపడం వృక్షచిత్రకళలో సంప్రదాయం. ఆమె తన తరువాతి చిత్రాలలో పువ్వు వెనుక దాని అడవిని కూడా చూపారు. చెట్టు, నీరు, నీడ లేకుండా పువ్వు లేదని అలా చెప్పారు.

అమెజాన్ ఉపనది అయిన నీగ్రో నది వెంట, వరదనీటిలో నిలిచే అడవులలో ఒక వింత బ్రహ్మజెముడు జాతి మొక్క ఉంది. దాని కాండాలు ఆకులవలె పలుచగా ఉండి చెట్టుమానులను కరుచుకొని పాకుతాయి. దాని శ్వేతపుష్పం సూర్యాస్తమయం తరువాత విచ్చుకొని, తెల్లవారేసరికి ముడుచుకొనిపోతుంది. ఒక పువ్వుకు ఉన్న ఆయుష్షు ఒక్క రాత్రి. దీనిని చంద్రపుష్పం అనవచ్చు. మార్గరెట్ మీ 1960ల దశకంలోనే ఈ మొక్కను చూశారు గాని, పువ్వును చూడలేకపోయారు. తరువాతి యాత్రలలోనూ ఆ కోరిక తీరలేదు. కొన్నిసార్లు కాయలు కనిపించాయి, కొన్నిసార్లు వాడిన పూలు కనిపించాయి.

1988 మే నెలలో, తనకు 79 ఏళ్లు నిండిన ఆ మాసంలోనే, ఆమె మరోసారి నీగ్రో నదికి వెళ్లారు. విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న మొగ్గలు ఒక చెట్టు మీద కనిపించాయి. పడవను అక్కడ నిలిపి, దాని పైకప్పు మీద కూర్చొని నిరీక్షించారు. చీకటి పడింది. ఒక రేకు కదిలింది, తరువాత మరొకటి. చూస్తుండగా సుమారు ఒక గంటలో పువ్వు పూర్తిగా విచ్చుకొంది. తియ్యని పరిమళం వ్యాపించింది. ఆ రాత్రి ఆమె చేతిదీపపు వెలుగులో ఆ పువ్వును చిత్రించారు. రెండు దశాబ్దాలకు పైబడిన నిరీక్షణ ఆ విధంగా ఫలించింది.

అయితే ఆ రాత్రిలో మరొక సంగతి ఉంది. అది ఈ పాఠానికి ప్రాణం వంటిది. చీకటిలో తెల్లగా మెరిసే పూలు, రాత్రివేళ వీచే పరిమళం నిశాచరాలైన కీటకాలకు ఆహ్వానాలు. తేనెకోసం వచ్చే కీటకం పుప్పొడిని మోసుకొనిపోతే తప్ప విత్తనం ఏర్పడదు. ఆ రాత్రి ఆ అతిథి వస్తుందని వారు ఎదురుచూశారు. అది రాలేదు. తమ రాకయే, తాము వెంట తెచ్చిన వెలుగే దానిని దూరం చేసిందని మార్గరెట్ మీ గ్రహించారు. లక్షల సంవత్సరాలుగా పువ్వుకూ, కీటకానికీ నడుమ ఏర్పడిన సమతౌల్యాన్ని తమ ఆసక్తి భంగపరచిందని నిస్సంకోచంగా అంగీకరించారు. ప్రేమతో వెళ్లినవారు కూడా ప్రకృతికి అపకారం చేయగలరు. ఆ విషయాన్ని దాచుకోకపోవడంలోనే ఆమె గొప్పతనం ఉంది. అదే సంవత్సరం నవంబరులో ఇంగ్లండులో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆమె మరణించారు. ఆమె చిత్రాలు లండన్‌లోని క్యూ ఉద్యానంలో భద్రంగా ఉన్నాయి.

ఈ అనుభవం నుంచి మనం నేర్చుకోవలసినది ఏమిటి? మనదేశంలో అభయారణ్యాలకు ఆధారమైన చట్టం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. పేరును బట్టి అది జంతువులకు మాత్రమే వర్తిస్తుందని అనేకులు భావిస్తారు. కాని జంతువుల నెలవులో భాగమైన వృక్షసంపదను కూడా అది వన్యజీవనంగానే పరిగణిస్తుంది. అభయారణ్యంలోని మొక్కను అనుమతి లేకుండా పెరికివేయడం నేరం. కాబట్టి అక్కడ చిత్రలేఖనం చేయదలచినవారు మొదట అటవీశాఖ అధికారుల అనుమతి పొందాలి. నిర్ణీతమైన దారిని విడిచి పోరాదు. దారి పక్కన కూర్చునేముందు ఆ చోట మొలకలేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. పువ్వు స్పష్టంగా కనబడటంకోసం అడ్డుగా ఉన్న కొమ్మలను విరవరాదు. అడ్డుగా ఉన్న ఆకు కూడా ఆ దృశ్యంలో భాగమే. కుంచెలు కడిగిన రంగునీటిని వాగులో పారబోయరాదు. సీసాలో నింపి వెనక్కు తెచ్చుకోవాలి.

ఇక చిత్రించే విధానం. వర్షాకాలంలో మన అడవులలో పూసే అడవినాభిని ఉదాహరణగా తీసుకొందాం. మొదట రంగులపెట్టె తెరవకూడదు. పావుగంటసేపు కేవలం చూడాలి. రేకులు ఎన్ని? ఆరు. అవి కిందికి వంగి ఉన్నాయా, పైకి తిరిగి ఉన్నాయా? పువ్వు తలవంచుకొని ఉంటే రేకులు మాత్రం మంటలవలె పైకి లేచి ఉంటాయి. అంచులు నున్నగా లేవు, అలలు అలలుగా ఉన్నాయి. కీలం తిన్నగా సాగక ఒక పక్కకు మడిచినట్లు వంగి ఉంటుంది. ఆకుకొన నులితీగగా మారి పక్కనున్న కొమ్మను చుట్టుకొంటుంది. ఈ చివరి రెండు విషయాలు పువ్వును వేయిసార్లు చూసినవారు కూడా గమనించకపోవచ్చు. పెన్సిలుతో గీయబోయేవారికి మాత్రం అవి తప్పక ఎదురవుతాయి. విచ్చుకొన్న తొలినాళ్లలో రేకుల మొదలు పసుపుగా, కొన ఎరుపుగా ఉంటుంది. రోజులు గడిచినకొద్దీ ఎరుపు రేకంతా కమ్ముకొంటుంది. అంటే ఒకే మొక్క మీద వేర్వేరు వయస్సుల పూలు వేర్వేరు రంగులలో ఉంటాయి. ఈ మొక్క అంతా విషపూరితం, దుంప మరింత ప్రమాదకరం. కోయకుండా చిత్రించడం ఇక్కడ మొక్కకే కాదు, మనకూ క్షేమం.

మన పూర్వులు కూడా మొక్కలను నిశితంగా పరిశీలించినవారే. “ఎక్కడికి వెళ్లినా మోదుగకు మూడే ఆకులు” అన్న సామెత పరిశీలననుంచి పుట్టినదే. వేసవి ఆరంభంలో ఆకులు రాల్చి, చిలుకముక్కుల వంటి పూలతో నిండిన మోదుగను చూసినప్పుడు, ఎరుపునారింజ రంగుతోపాటు మొగ్గల అడుగున ఉన్న ముదురురంగు నూగును కూడా చూడగలిగితే ఆ చూపు చిత్రకారుని చూపు అవుతుంది.

ఆరుబయట ఎండ నిలకడగా ఉండదు. ఉదయం ఎడమవైపు పడిన నీడ మధ్యాహ్నానికి మాయమవుతుంది. అందువల్ల ప్రారంభంలోనే వెలుగు వచ్చే దిశను కాగితం మూలన ఒక బాణంగుర్తుతో సూచించి, చివరివరకు దానికే కట్టుబడి ఉండాలి. వానాకాలంలో రంగు త్వరగా ఆరదు. తొందరపడితే ఒక రంగు మరొకదానిలోకి పాకుతుంది. వేసవిలో కుంచె ఎత్తేలోగానే ఆరిపోతుంది. తెల్లని పువ్వును నీటిరంగులతో వేయాలంటే తెల్లరంగు అక్కరలేదు. పువ్వున్న చోట కాగితాన్ని అలాగే వదిలి, చుట్టూ ఉన్న ఆకులను ముదురుగా దిద్దాలి. అప్పుడు ఆ ఖాళీయే పువ్వుగా వెలుగుతుంది. తాకకుండా విడిచిపెట్టడమే దానిని చూపే మార్గం. అడవి పట్ల మన ప్రవర్తనకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఛాయాచిత్రం ఒక్క క్షణంలో సిద్ధమయ్యే ఈ కాలంలో ఇంత శ్రమ ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. కెమెరా ఒక క్షణాన్ని పట్టుకుంటుంది. చిత్రకారుడు మొగ్గను, పువ్వును, కాయను వేర్వేరు కాలాలలో గమనించి ఒకే పుటమీద చూపగలడు. అవసరమైనదానిని స్పష్టపరచి, అనవసరమైనదానిని తగ్గించగలడు. వృక్షశాస్త్ర గ్రంథాలలో చేతితో గీసిన చిత్రాలకు నేటికీ గౌరవం ఉండటానికి కారణమిదే. అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. ఒక పువ్వు ముందు రెండు గంటలసేపు కూర్చున్న మనిషి, లేచేటప్పుడు ఆ పువ్వుకు పరాయివాడు కాడు. దాని చుట్టూ తిరిగిన తేనెటీగను, దాని కిందినుంచి సాగిన చీమలబారును, దాని ఆకును కొరికిన పురుగును చూసి ఉంటాడు. ఆ అడవికి గొడ్డలి ముప్పు వచ్చిన నాడు మౌనంగా ఉండలేడు.

చిత్రం పువ్వుకు ప్రత్యామ్నాయం కాదు. పువ్వు నశించి చిత్రం మాత్రమే మిగిలితే, అది సంస్మరణచిహ్నం అవుతుంది. పువ్వూ చిత్రమూ రెండూ నిలిచిననాడే ఆ కళ సార్థకం. అడవిలో పువ్వు కనిపించినప్పుడు ముందుకు సాగిన చేతిని ఒక్క క్షణం ఆపండి. కాగితం, పెన్సిలు ఉంటే కూర్చొని గీయండి. లేకపోతే కన్నులారా చూసి, దానిని దాని కొమ్మమీదనే ఉండనివ్వండి. మీ తరువాత ఆ దారిన వచ్చేవారికి కూడా ఒక పువ్వు కనిపించాలి కదా!

కఠిన పదాలు – అర్థాలు

నెలవు = నివాసస్థానం
సంయమనం = నిగ్రహం
బృహద్గ్రంథం = పెద్ద పుస్తకం
కఠోర సత్యం = కటువైన నిజం
గోచరించు = కనబడు, తెలియు
నిశాచరాలు = రాత్రివేళ సంచరించేవి
సమతౌల్యం = సరితూకం
నూగు = మెత్తని సన్నని రోమాలు
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా నిలిచేది
సంస్మరణచిహ్నం = జ్ఞాపకార్థం నిలిపిన గుర్తు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చంద్రపుష్పం కోసం మార్గరెట్ మీ చేసిన నిరీక్షణను, ఆ రాత్రి ఆమె గ్రహించిన సత్యాన్ని వివరించండి.
2. అభయారణ్యంలో పూలను చిత్రించేవారు పాటించవలసిన నియమాలను కారణాలతో తెలపండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. తెలుగునేలకు వృక్షచిత్రకళతో ఉన్న సంబంధాన్ని తెలపండి.
2. అడవినాభి పువ్వులో చిత్రకారుడు గమనించవలసిన విశేషాలేవి?
3. ఛాయాచిత్రానికీ, చేతితో గీసిన చిత్రానికీ గల భేదాన్ని రాయండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. డ్యూరర్ గడ్డిదుబ్బును ఏ సంవత్సరంలో చిత్రించాడు?
2. రాక్స్‌బర్గ్ తెలుగునేలపై ఏ ఊరిలో నివసించాడు?
3. మార్గరెట్ మీ అమెజాన్‌లో ఎన్ని యాత్రలు చేశారు?
4. నీటిరంగులలో తెల్లని పువ్వును ఎలా చూపుతారు?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. నిన్నటి చిత్రం ఉంది, నేడు ఆ పువ్వున్న చోటు లేదు.
2. తాకకుండా విడిచిపెట్టడమే దానిని చూపే మార్గం.

V. సంధులు
1. సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
2. ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
3. ఏమున్నది = ఏమి + ఉన్నది – ఇకార సంధి
4. రేకంతా = రేకు + అంతా – ఉకార సంధి

VI. సమాసాలు
1. నదీతీరం – నది యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం
2. శ్వేతపుష్పం – శ్వేతమైన పుష్పం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
3. మూడు సంపుటాలు – మూడు సంఖ్య గల సంపుటాలు – ద్విగు సమాసం

VII. భాషాభ్యాసం
మీ కళాశాల ఆవరణలో ఎవరూ నాటకుండా పెరిగిన ఒక పూలమొక్కను పావుగంటసేపు పరిశీలించండి. పువ్వును కోయకుండా దాని రేకులు, ఆకులు, రంగు, దానిపై వాలిన కీటకాలను గురించి పది వాక్యాలు రాసి, పక్కన దాని బొమ్మ గీయండి.